నీలం తేలిన నేల

కొత్తగెడ్డ పిల్లలకు బడిలో ఏడాదికి రెండుసార్లు నులిపురుగుల మాత్ర ఇస్తారు. టీచరు ఎదురుగా నిలబడి నమిలి మింగాలి. కృపావతి కూడా చిన్నప్పుడు అలాగే మింగింది. మాత్ర కడుపులోని పురుగుల్ని చంపుతుంది. మూడు నెలలు తిరక్కుండా చెప్పుల్లేని అరికాళ్లలోంచి కొత్త పురుగులు లోపలికి దూరతాయి. ఆర్నెల్లకు మళ్లీ మాత్ర. ఎన్ని మాత్రలు పంచితే అంతమంది పిల్లలు బాగుపడినట్టు పైకి నివేదిక వెళ్తుంది.

కృపావతి తల్లి ఆఖరి కాన్పులో చనిపోయినప్పుడు డాక్టరు, "ఒంట్లో రక్తం లేదు" అన్నాడు. ఆ రక్తం ఎటు పోయిందని పెద్దవాళ్లెవరూ అడగలేదు. పదకొండేళ్ల కృపావతి అడిగింది. జవాబు చెప్పినవాళ్లు లేరు.

జవాబు ఆమే తెలుసుకుంది. చదువుకుని, విశాఖపట్నంలో ఒక పరిశోధన సంస్థలో శాస్త్రవేత్త అయింది. కొంకి పురుగు సెంటీమీటరు పొడవుంటుంది, దారప్పోగంత సన్నం. పేగును కరిచిపట్టుకుని రోజూ కాస్త రక్తం తాగుతుంది. వందలకొద్దీ చేరితే మనిషిని లోపల్నుంచి ఖాళీ చేస్తుంది. పిల్ల పురుగు తడి మట్టిలో అరికాలి కోసం కాచుకుని ఉంటుంది. కంటికి కనపడదు. కనపడదు కాబట్టే దాన్ని ఎవరూ పట్టించుకోలేదని కృపావతి నమ్మకం. దాన్ని కనపడేలా చెయ్యడానికి ఆమె ఏడేళ్లు పనిచేసింది.

మట్టిలో సహజంగా ఉండే ఒక బాక్టీరియాను తీసుకుని, దాని లోపలి రాతను మార్చింది. పిల్ల పురుగు ఒంటి మీది జిగురు తగిలితే చాలు, అది నీలం రంగు కక్కుతుంది. దాన్ని ఎండబెట్టి పొడి చేసి, నీళ్లలో కలిపి చల్లితే సరిపోతుంది.

విభాగాధిపతి ప్రొఫెసర్ కామేశం ముందు ఆమె రెండు ట్రేలు పెట్టింది. ఒకదానిలో సంస్థ ఆవరణలోని మట్టి, ఇంకోదానిలో పురుగులు కలిపిన మట్టి. రెండింటి మీదా చల్లింది. పావుగంట గడిచాక రెండో ట్రే మధ్యలో ఒక చుక్క లేచింది. చుట్టూ ఇంకో పది. చూస్తుండగానే ట్రే అంతా బట్టలకు పెట్టే నీలిమందు ఒలికినట్టయింది. కృపావతి కళ్ల నీళ్లు తుడుచుకుంది.

"చర్మానికి అంటుతుందా?" అని అడిగాడు కామేశం.

"నా కాళ్ల మీద మూడుసార్లు చల్లుకున్నాను సార్. నీళ్లతో కడిగితే పోయింది."

ఆమె కాళ్లు పాతికేళ్లుగా చెప్పుల్లో ఉన్న కాళ్లు. ఆ సంగతి ఆ రోజు ఆమెకు తట్టలేదు.

మొదటి పరీక్షకు కొత్తగెడ్డను ఆమే ఎంచుకుంది. అక్కడ అన్న దానియేలు కూరగాయల మడులు కౌలుకు చేస్తున్నాడు. వదిన సువార్త దగ్గరి టౌనులో మూడిళ్లలో పనిచేస్తుంది. వాళ్ల కూతురు రూతుకు తొమ్మిదేళ్లు. మొహం పాలిపోయి ఉంటుంది, బలపాలు కొరికి తింటుంది, మట్టిగోడలు గీకి తింటుంది. సువార్త చెల్లెలు ఎస్తేరును కూడా ఆ ఊరే ఇచ్చారు. పంతొమ్మిదేళ్ల ఎస్తేరుకు అప్పుడు ఏడో నెల. పది అడుగులు వేస్తే ఆయాసం.

ఆగస్టులో ఒక ఉదయం, రాత్రి కురిసిన వాన ఇంకా ఆరకముందే, వీపుకు స్ప్రేయరు తగిలించుకుని కృపావతి ఊరంతా చల్లింది. వెంట ఆరోగ్యశాఖ వాళ్లు ఇద్దరు సెల్‌ఫోన్లతో వీడియో తీస్తూ నడిచారు. మొదట మడుల గట్లు నీలమయ్యాయి. తర్వాత పొలాలకు వెళ్లే దారి. తర్వాత బోరింగు చుట్టూ ఉన్న చిత్తడి. పిల్లలు కేరింతలు కొడుతూ నీలంలో గెంతారు. కాసేపటికి వాళ్ల వేళ్ల సందుల్లో, మడమల మీద నీలం చుక్కలు లేచాయి. పురుగు చర్మంలోకి దూరిన ప్రతిచోటా ఒక చుక్క. ఆడవాళ్లు కూడా తమ కాళ్లు చూసుకున్నారు. ఎస్తేరు పాదాలు చీలమండల దాకా నీలంగా ఉన్నాయి.

బోరింగు దగ్గర అందరూ కాళ్లు కడుక్కున్నారు. సబ్బుతో రుద్దారు. ఇటుక ముక్కతో రుద్దారు. పోలేదు.

"ఎన్నాళ్లుంటాది కృపమ్మా?" అని అడిగింది సువార్త.

కృపావతికి తెలియదు. చర్మం లోపలికి పోయిన పురుగుతో బాటు రంగు కూడా లోపలికి పోతుందని ఆమె అనుకోలేదు. "రెండు వారాలు పట్టొచ్చు వదినా" అంది. ఊరందరికీ మాత్రలిచ్చి, ఎస్తేరుకు విడిగా ఐరన్ మాత్రలిచ్చి, మట్టి నమూనాలు తీసుకుని విశాఖకు వెళ్లిపోయింది.

ఆరోగ్యశాఖ వాళ్లు తీసిన వీడియో ఆ సాయంత్రానికే టౌనులో ప్రతి ఫోనులోకీ వచ్చింది. కింద ఎవరో 'నీలి ఊరు' అని రాశారు. మర్నాడు రైతుబజారులో దానియేలు వంకాయల బుట్టను దింపనివ్వలేదు. రెండో రోజు సువార్తను మూడిళ్లలోనూ రావద్దన్నారు. టౌను శివారు బడిలో రూతునూ, ఆ ఊరి పిల్లలు ఇంకో ఎనమండుగురినీ వరండాలో గోనెపట్టాల మీద కూర్చోబెట్టారు. మధ్యాహ్నం అన్నం విస్తరాకుల్లో పెట్టారు. మిగతా పిల్లలకు పళ్లేల్లో.

వార్త తెలిసి కృపావతి బస్సు దిగి తిన్నగా బడికి వెళ్లింది. హెడ్మాస్టరు కుర్చీ చూపించాడు. ఆమె కూర్చోలేదు.

"ఈ పురుగు మనిషి నుంచి మనిషికి అంటుకోదు మాస్టారూ. పక్కన కూర్చుంటే రాదు, ఒక పళ్లెంలో తింటే రాదు. మలంలోంచి గుడ్డు మట్టిలో పడాలి, వారం రోజులు అక్కడ పెరగాలి, అప్పుడు వట్టి కాలు దొరకాలి. ఈ పిల్లల వల్ల మీ పిల్లలకు ఏమీ కాదు."

"నాకు తెలుసమ్మా. పేరెంట్స్ ఒప్పుకోవడం లేదు."

"మీకు తెలిస్తే మరి వరండాలో ఎందుకు కూర్చోబెట్టారు?"

ఆయన కిటికీ వైపు చూశాడు. "రంగు పోయాక లోపల కూర్చోబెడతాం" అన్నాడు.

రూతు చెయ్యి పట్టుకుని ఆమె ఇంటికి నడిచింది. దారిలో ఆ పిల్ల, "అత్తా, నాను సెడ్డదాన్నా?" అని అడిగింది. ఒక్కసారే అడిగింది. కృపావతి లేదని చెప్పింది, ఎందుకు లేదో కూడా చెప్పింది. పిల్ల వింటున్నట్టు అనిపించలేదు.

ఇంట్లో దానియేలు ఆమెకు మంచినీళ్లు కూడా ఇవ్వలేదు. అమ్ముడుపోని వంకాయలు మూల పోసి ఉన్నాయి.

"మా కాళ్లకి రంగేసి నీ దారిన నువ్వెల్లిపోనావు" అన్నాడు.

"అన్నయ్యా, పురుగులెక్కడున్నాయో తెలియాలి కదా."

"మాకు తెలీదేటి? కాళ్లు దురదలెడతన్నాయి, పిల్లలు మట్టి తింతన్నారు, తెలీదేటి? మొన్నటి దాకా పురుగులొకటే ఉండీవి. ఇప్పుడు పురుగులూ ఉన్నాయి, దాంతో పాటు పేరూ ఉంది. పురుగుకి మాత్రుంది. పేరుకేటుంది, సెప్పు."

ఆమె తల దించుకుంది. ఆ క్షణంలో ఆమెకు కోపం వచ్చింది ఎక్కువగా తన మీదే.

నాలుగో రోజున ఎస్తేరుకు రక్తస్రావం మొదలైంది. దానియేలు ఆటో మాట్లాడి టౌనులో ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్లాడు. స్ట్రెచరు మీదికి ఎక్కిస్తుంటే దుప్పటి కిందనుంచి పాదాలు బయటపడ్డాయి. నర్సు వెనక్కి తగ్గింది. లోపలికి వెళ్లి ఎవరితోనో మాట్లాడి వచ్చి, విడి వార్డు లేదని చెప్పింది. వెంట వచ్చిన సువార్త నర్సు చేతులు పట్టుకుంది. మొక్కింది. అక్కడే ముప్పావుగంట గడిచింది. సర్కారు ఆసుపత్రికి చేరేసరికి ఎస్తేరు ఒంట్లో రక్తం నాలుగు గ్రాములకు పడిపోయింది. పెద్దాసుపత్రికి తీసుకెళ్లమన్నారు. విశాఖ దారిలో, అంబులెన్సులో ఆమె ప్రాణం పోయింది. కడుపులోని బిడ్డ కూడా.

ఎస్తేరును సమాధి చేసే వేళకు కృపావతి వచ్చింది. సమాధుల తోటలో ఎవరూ ఆమెను ఏమీ అనలేదు. తిట్టినా బాగుండేదనిపించింది.

ఆ సాయంత్రం సువార్త అరుగు మీద కూర్చుని ఉంది. కృపావతి ఆమె పక్కన కూర్చుని, ఏదో ఒకటి మాట్లాడాలని, "ఊళ్లో బయటికి వెళ్లడం మానిపించాలి వదినా. అది మానితే నేల బాగుపడుతుంది" అంది.

సువార్త మెల్లగా తలెత్తింది.

"ఎవులెల్తన్నారు బయిటికి? నాలుగేళ్లయింది ప్రతింటికీ మరుగుదొడ్డి కట్టి. ముసిలోళ్లు కూడా అందులోకే ఎలతన్నారు. నువ్వు సూసినావా, ఎవులైనా సెంబట్టుకుని ఎలతంటే?"

కృపావతి చూడలేదు. తన చిన్నప్పటి ఊరునే ఇంకా ఊరనుకుంటోంది. ఆమె లేచి లోపల్నుంచి తన పటం తెచ్చి అరుగు మీద పరిచింది. ఎక్కడెక్కడ ఎంత నీలం తేలిందో ఆమే గుర్తు పెట్టిన పటం. ఇళ్ల వెనక దాదాపు ఏమీ లేదు. నీలమంతా మడుల్లో ఉంది, దారి మీద ఉంది, బోరింగు దగ్గరి పల్లంలో ఉంది. అన్నీ సాగునీటి కాలవ పారే చోట్లే.

మర్నాడు పొద్దున్న ఆమె స్ప్రేయరు తీసింది. దానియేలు దాన్ని అందుకుని తన వీపుకు తగిలించుకున్నాడు. ఇద్దరూ కాలవ గట్టు పట్టుకుని ఎగువకు నడిచారు. ప్రతి పావు కిలోమీటరుకు ఒకచోట చల్లి, ఆగి, చూశారు. నీలం పలచబడలేదు. ముందుకు వెళ్లినకొద్దీ చిక్కబడింది. రెండు కిలోమీటర్లు నడిచాక పాత రాతిక్వారీ దగ్గర కాలవ అంచు మొత్తం నీలంగా మారింది. వాసనకు ముక్కు మూసుకోవలసి వచ్చింది.

పదకొండు గంటలకు, పట్టపగలు, మొదటి టాంకరు వచ్చింది. టౌనులో ఇళ్ల సెప్టిక్ ట్యాంకులు తోడే లారీ. డ్రైవరు దిగి గొట్టం విప్పి క్వారీ గుంటలోకి వదిలాడు. గుంట నిండి అవతలి గట్టు మీదుగా కాలవలోకి పారుతోంది.

దానియేలు అతని చొక్కా పట్టుకోబోతే కృపావతి ఆపింది. డ్రైవరు భయపడలేదు, దాచలేదు.

"నానేటి సేత్తాను మేడమ్. ఈ సోటు సూపించింది మునిసిపాలిటీ వోళ్లే. ఈ మురుగు కడగడానికి ప్లాంటు కట్టినారు గాని ట్రాన్స్‌ఫార్మరు ఎట్టనేదు. నాలుగేళ్ల బట్టీ తాళమే. రోజుకి పది బళ్లు ఇక్కడికే వత్తాయి."

"ఇది ఎక్కడినుంచి తెచ్చారు?"

"ఇది ఆఫీసర్ల కోలనీది. ఎనకాల వచ్చీది ఆస్పత్రిది." ఎస్తేరును లోపలికి రానివ్వని ఆసుపత్రి పేరే చెప్పాడు.

దానియేలు గట్టు మీద కూలబడ్డాడు. ఊరు మరుగుదొడ్లు కట్టుకున్న నాలుగేళ్లూ, టౌను తన దొడ్లలోది తెచ్చి ఊరి మడుల్లో పోసింది. ఆ మడుల్లో వట్టికాళ్లతో దిగి పండించిన వంకాయలు తిని, ఆ కాళ్లను చూసి చీదరించుకుంది.

కృపావతి ఆ రోజు సాయంత్రం దాకా అక్కడే ఉండి, వచ్చిన ప్రతి బండి గొట్టం నుంచి కాస్త కాస్త పట్టింది. ఎక్కడిదో డ్రైవర్లనే అడిగి చీటీ అంటించింది. ప్రయోగశాలలో ఒక్కోదాన్నీ శుభ్రం చేసిన ఇసుకలో కలిపి, తడి ఆరకుండా పది రోజులు పెంచింది. గుడ్లుంటే పిల్ల పురుగులవుతాయి. లేకపోతే ఇసుక ఇసుకలాగే ఉంటుంది.

ఈలోగా కామేశం ఆమెను పిలిచాడు. చాలా సంతోషంగా ఉన్నాడు. నాలుగు వందల ఊళ్లలో చల్లడానికి సర్కారు పొడి అడిగింది. ఏ ఊరు ఎంత నీలమో చూపించే పటం తయారుచేస్తారు.

"టౌన్లలో చల్లరా సార్?"

"టౌనులో అంతా సిమెంటే కదమ్మా. పురుగు ఎక్కడుంటుంది?"

"మనుషుల కడుపుల్లో ఉంటుంది సార్." ఆమె క్వారీ సంగతి చెప్పింది.

కామేశం కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "మనం ఇచ్చేది ఒక పరికరం. దాన్ని ఎక్కడ వాడాలో తేల్చేది మనం కాదు. నువ్వు ఇంట్లో దుఃఖంలో ఉన్నావు. కొన్నాళ్లు సెలవు పెట్టు."

సెలవు పెట్టలేదు. జిల్లా సమీక్షా సమావేశంలో పొడి గురించి వివరించే బాధ్యత ఆమెదే. పదకొండో రోజున ఆరు ట్రేలు, వాటి మీద ఆరు గాజు మూతలు పెట్టుకుని ఆ హాలులోకి వెళ్లింది. అధికారులు, డాక్టర్లు, మునిసిపల్ ఛైర్మన్, విలేఖరులు ఉన్నారు. చీటీలు అడుగువైపు తిప్పి, ట్రేల మీద పొడి నీళ్లు చల్లి, మూతలు పెట్టి, పావుగంట ఆగమంది.

మొదటి ట్రే నీలమైంది. తర్వాత మూడోది, నాలుగోది. చివరికి ఆరింటిలో అయిదు నీలమయ్యాయి. ముందు వరసలో ఒకావిడ చీరచెంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. ఛైర్మన్ ముందుకు వంగి, "ఛీ. ఇదేనా ఆ కొత్తగెడ్డ?" అన్నాడు.

"కాదండీ." కృపావతి ట్రే ఎత్తి చీటీ చదివింది. "ఇది మీరుండే కాలనీ. ఇది ఆఫీసర్ల క్వార్టర్లు. ఇది ప్రైవేటు ఆసుపత్రి. ఇది బడి పక్కన అపార్టుమెంట్లు, మా మేనకోడల్ని వరండాలో కూర్చోబెట్టమన్న తల్లిదండ్రులు ఉండేవి. ఇది బస్టాండు."

 ఆమె అక్కడితో ఆపలేదు.

"కడగని పచ్చి కూరల మీద నుంచి నోటి గుండా కూడా ఈ పురుగు లోపలికి పోతుంది. మీకు పురుగులొస్తే మందుల షాపులో మాత్ర కొనుక్కుంటారు. ఎవరికీ తెలియదు. మీ కాళ్లకు చెప్పులున్నాయి కాబట్టి మీ పాదాల మీద చుక్కలు రావు. మీ కడుపుల్లో అవి పెట్టిన గుడ్లు మా మడుల్లో పొదుగుతున్నాయి. మా కాళ్లలోకి దూరుతున్నాయి. మా ఎస్తేరు రక్తం తాగినవి మీ పురుగులు. ఆమె కాళ్లు చూసి మీరే తలుపు వేశారు."

మైకు తీసేశారు. అప్పటికే విలేఖరులు ఫోటోలు తీసుకున్నారు.

కొత్తగెడ్డ నీలమై అప్పటికి దాదాపు మూడు వారాలు. ఆ మూడు వారాల్లో పొడి వల్ల ఎవరికైనా ఇబ్బందిగా ఉందా అని ఎవరూ అడగలేదు. టౌను ట్రేలు నీలమైన మూడో రోజున పొడి వాడకాన్ని నిషేధిస్తూ ఉత్తర్వు వచ్చింది. కారణం, ప్రజల్లో భయాందోళనలు. నాలుగు వందల ఊళ్ల పని రద్దయింది. సంస్థ ఆమె ప్రయోగశాల గదికి సీలు వేసింది. ప్రభుత్వ సామగ్రిని అనుమతి లేకుండా వాడినందుకు కృపావతిని సస్పెండ్ చేసింది.

ఆమె బట్టల సంచీతో కొత్తగెడ్డకు వచ్చింది. అప్పటికి ఊళ్లో అందరి పాదాలూ మామూలు రంగుకు తిరిగాయి. ఆ సంగతి ఎవరూ మాట్లాడుకోవడం లేదు. సువార్త తన నులక మంచం నెత్తిన పెట్టుకుని క్వారీ దారి వైపు నడుస్తోంది.

"ఎక్కడికి వదినా?"

"బళ్లెలా వత్తాయో సూత్తాను."

క్వారీకి పోయే మట్టిదారికి అడ్డంగా మంచం వాల్చి దాని మీద కూర్చుంది. మధ్యాహ్నానికి ఏడు మంచాలయ్యాయి. మర్నాటికి ఇరవై రెండు. టాంకర్లు వచ్చి హారన్ కొట్టి, వెనక్కి తిప్పుకుని వెళ్లిపోయాయి. పోలీసులు వచ్చారు. మంచాల మీద ముసలమ్మలు, పాలిచ్చే తల్లులు ఉన్నారు. ఎవరిని ఎత్తాలో తెలియక నిలబడ్డారు. అయిదో రోజుకు టౌనులో ట్యాంకులు పొంగడం మొదలైంది. ఆఫీసర్ల కాలనీ వీధిలో మురుగు పారింది. ఆసుపత్రి కింది అంతస్తు మూసేశారు. ఎనిమిదో రోజున ఒక లారీ మీద ట్రాన్స్‌ఫార్మరు వచ్చింది.

పన్నెండో రోజున మునిసిపల్ ఇంజనీరు జీపు దిగి మంచాల దగ్గరికి వచ్చాడు. కుర్రవాడు. నిద్రలేక కళ్లు ఎర్రబడ్డాయి. అయినా మొహం వెలుగుతోంది.

"ప్లాంటు నడుస్తోందమ్మా. పొద్దున్నే స్విచ్చి వేశాం. ఇక ఒక్క బండీ ఇటు రాదు. పన్నెండు రోజుల్లో చేసి చూపించాం" అన్నాడు.

సువార్త అతని వంక చూసింది.

"పన్నెండు రోజుల పనా బాబూ ఇది?"

"అవునమ్మా. ఆగకుండా పనిచేశాం." మెచ్చుకుంటుందనుకుని అతను నవ్వాడు.

"నాలుగేళ్లలో మీకు పన్నెండు రోజులు దొరకనేదు." ఆమె గొంతు పెంచలేదు. "మా సెల్లికి నెలలు నిండడానికి ఇంకా రెండు నెలలుండీది."

ఇంజనీరు నవ్వు ఆగిపోయింది. ఏదో చెప్పబోయి కృపావతి వైపు చూశాడు, ఆమె సాయం చేస్తుందన్నట్టు. ఆమె అతని మొహంలోకి అలా చూస్తూనే ఉంది. ఆమె కోపం తగ్గలేదు. దాన్ని మింగాలని గాని, చల్లార్చుకోవాలని గాని ఆమెకు అనిపించలేదు. అతను జీపెక్కి వెళ్లిపోయాడు.

మర్నాడు టాంకర్లు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. మూడో రోజున ఎవరి మంచాలు వాళ్లు ఇళ్లకు మోసుకెళ్లారు. సువార్త మంచం మాత్రం దారికి అడ్డంగా అక్కడే ఉంది. దాని మీద ఎప్పుడూ ఎవరో ఒకరు కూర్చునే ఉంటున్నారు.